బస్సులో మోసేవాళ్ల ల్యాప్‌టాప్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో 30 వేల లోపు ల్యాప్‌టాప్‌ల మీద ఒక పేజీ వేశారు. ఫొటో, పక్కన ధర, కింద నాలుగు ముక్కల్లో వివరాలు. చదివి ఊరుకునేదాన్నే. కానీ దుగ్గిరాలలో నేను లెక్కలు చూసే పసుపు కొట్టు గుమస్తా ఆ పేజీ కత్తిరించి జేబులో పెట్టుకొచ్చాడు. "మేడం, వీటిలో ఏది కొనమంటారు?" అన్నాడు. బీకాం చదివిన కుర్రాడు. సాయంత్రం పూట మరో రెండు మూడు షాపుల లెక్కలు రాసుకుని నాలుగు రాళ్లు వెనకేసుకోవాలని అతని ఆలోచన. కొనేది అప్పు చేసి. పేజీ మొత్తం చదివాను. అతనికి కావలసిన సంగతి ఒక్కటీ అందులో కనపడలేదు. అతనితో చెప్పిందే మీకూ రాస్తున్నాను. పొడుగైందనిపిస్తే కత్తిరించుకోండి, అంకెల జోలికి మాత్రం వెళ్లకండి.

ముందు నా సంగతి. తెనాలిలో ఉంటాను. చిన్న వ్యాపారస్తులకు లెక్కలు రాసిపెట్టడం నా పని. రేపల్లెలో రొయ్యల మేత అమ్మే షాపు, భట్టిప్రోలులో ఎరువుల కొట్టు, చీరాలలో బట్టల షాపులు, దుగ్గిరాలలో పసుపు కమీషన్ వ్యాపారి. వాళ్ల బిల్లులు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి, నెలనెలా 11వ తేదీ లోపు అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1, 20 లోపు పన్ను కట్టే 3బీ రిటర్న్ వేయాలి. ఆఫీసంటూ లేదు. షాపులో గల్లా పక్కన ఒక స్టూలు వేస్తారు, అదే నా సీటు. కొన్ని చోట్ల ప్లగ్గు ఉంటుంది, దానికి అప్పటికే ఫ్యాన్ పెట్టి ఉంటుంది. మే నెలలో ఫ్యాన్ తీసి ల్యాప్‌టాప్ పెట్టమని షావుకారుని అడగగలిగే ధైర్యం నాకైతే లేదు.

మీ జాబితా టేబుల్ మీద పెట్టి వాడుకునేవాళ్లకు రాసింది. అందులో తప్పేమీ లేదు. కానీ ఈ రోజుల్లో ల్యాప్‌టాప్‌ను వెంట తిప్పుకుంటూ దాని మీద బతికేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒక్కసారి చూడండి. ఇన్సూరెన్స్ వాళ్లు, మందుల కంపెనీల వాళ్లు, పెళ్లి ఫొటోల వాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, మాలాంటి లెక్కల వాళ్లు. మాకు ప్రాసెసర్ పేరు కంటే ముందు తెలియాల్సినవి వేరే ఉన్నాయి. చార్జరుతో కలిపి బరువెంత? ప్లగ్గు లేకుండా ఎంతసేపు? పాడైతే మా ఊళ్లో బాగుచేస్తారా? ర్యామ్ తర్వాత వేసుకోవచ్చా? ఈ నాలుగూ మీ పేజీలో లేవు.

ఆ కుర్రాడిని నేను అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. "నీ పనికి ఏ సాఫ్ట్‌వేర్ లేకపోతే కుదరదు?" అని. ట్యాలీ లేకపోతే కుదరదు. ట్యాలీప్రైమ్ విండోస్ మీదే ఎక్కుతుంది. డీఎస్సీ టోకెన్, అంటే డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది, అది లేకపోయినా కుదరదు. సొంత పేరున నడిచే కొట్టుకైతే ఫోన్‌కు వచ్చే ఓటీపీతో రిటర్న్ వేయొచ్చు. కంపెనీ అయినా ఎల్‌ఎల్‌పీ అయినా డిజిటల్ సంతకం పెట్టాల్సిందే. ఆ టోకెన్ పాత రకం యూఎస్‌బీ రంధ్రంలో పడుతుంది, దాన్ని నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ సిస్టంలో ఎక్కాలి. ఇక పాత కొట్లలో టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఇంకా గరగరలాడుతూనే ఉన్నాయి. వాటికీ డ్రైవర్ కావాలి.

ఈ మూడూ అనుకోగానే జాబితాలో చాలా భాగం దానంతట అదే ఎగిరిపోయింది. 2023లో జియోబుక్ 16,499 రూపాయలకు వచ్చినప్పుడు నన్ను అడగనివాళ్లు లేరు. 990 గ్రాముల బరువు, లోపలే 4జీ. చేతిలో పట్టుకుంటే ముచ్చటేసింది. కానీ అందులో నడిచేది విండోస్ కాదు, జియో సొంత ఓఎస్, ట్యాలీ ఎక్కదు. క్రోమ్‌బుక్ కూడా అంతే. బ్రౌజర్‌లోనే పనంతా అయిపోయే టీచర్లకు, రాసుకునేవాళ్లకు అది మంచి వస్తువే, వద్దనను. 2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో చెప్పింది. అయితే ఆ పదేళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ పుట్టిన నాటి నుంచి లెక్క. ఆఫర్లో సగం ధరకు వచ్చేది సగం ఆయుష్షు అయిపోయినదేమో చూసుకోవాలి. 2024 జూన్ నుంచి వస్తున్న స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్ విండోస్ ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ బాగా వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ వాటి ప్రాసెసర్ రకమే వేరు. పాత ప్రింటర్లకూ టోకెన్లకూ ఉన్న మామూలు డ్రైవర్లు వాటిలో పనిచేయవు, ఆ రకానికే విడిగా చేసిన డ్రైవర్ ఉండాలి. టీవీఎస్ ప్రింటర్‌కు అది వెతుక్కుంటూ కూర్చునే తీరిక ఎవరికుంది?

ఇక మీ పేజీలో మొదటి వరసలో, "బడ్జెట్‌లో బెస్ట్" అని ఎర్ర అక్షరాలతో వేసినదాని గురించి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ, రెండు కోర్ల సెలరాన్ ప్రాసెసర్. దయచేసి ఇలాంటివాటిని మళ్లీ సిఫారసు చేయకండి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస కొలతలే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి. ఆ కనీసంతో విండోస్ తెరుచుకోవడం వరకు అవుతుంది. దాని మీద జీఎస్టీ పోర్టల్, ట్యాలీ, ఎక్సెల్ షీటు మూడూ తెరిస్తే గుండ్రంగా తిరిగే చుక్కలు చూస్తూ కూర్చోవాలి. రిటర్న్‌కు ఆఖరి రోజున పోర్టలే నత్తనడక నడుస్తుంది, దానికి మన సిస్టం తోడైతే ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుసు. ఈఎంఎంసీ అంటే బోర్డుకే అతికించిన మెమరీ. తీసి పెద్దది వేయడానికి లేదు. 64 జీబీలో విండోస్‌కే పెద్ద భాగం పోతుంది, ఏడాది తిరిగేసరికి పెద్ద అప్‌డేట్ వస్తే చోటు చాలదంటుంది. చూడటానికి సన్నగా, వెండి రంగులో మెరుస్తూ ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

చవక ల్యాప్‌టాప్ కథ ఇవాళ్టిది కాదు లెండి. 2007లో ఏసస్ వాళ్లు "ఈ పీసీ" (Eee PC) అనే పేరుతో 7 అంగుళాల తెరతో చిన్నది తెచ్చారు, లోపల 4 జీబీ స్టోరేజి. తర్వాత నెట్‌బుక్‌లనే ఇలాంటి చిన్న చవక ల్యాప్‌టాప్‌లు వరస కట్టాయి. 2011లో విద్యార్థుల కోసమని ఆకాశ్ టాబ్లెట్ వచ్చింది. ధర తగ్గించడానికి ప్రతిసారీ ముందు కోత పడింది మెమరీకే. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో ఇంకేదో రాసి ఉంటుంది.

మరి ఏం కొనాలి? నా మాట స్పష్టంగా చెబుతాను. 20 వేలు అటూ ఇటూగా చేతిలో ఉండి, తిరిగే ఉద్యోగం అయితే, కొత్త చవకదానికంటే ఆఫీసుల నుంచి వచ్చిన పాత మంచిది మేలు. హైదరాబాద్ ఐటీ కంపెనీలు ల్యాప్‌టాప్‌లు లీజుకు తీసుకుని మూడు నాలుగేళ్లకు మార్చేస్తాయి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్. కొత్తలో ఒక్కొక్కటి మన గుమస్తా ఆరునెలల జీతం కంటే ఎక్కువే. రోజూ పదిగంటలు కొట్టినా తట్టుకునే కీబోర్డు, గట్టి బిజాగరీలు, విప్పి బాగుచేసుకునేట్టు మరలు. ఇవి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అంటారు, అక్కడి కొట్లలో దొరుకుతాయి. విజయవాడ, గుంటూరుల్లోనూ అమ్మేవాళ్లున్నారు.

అయితే పాతదంటే ఏదైనా పాతదే అనుకోకూడదు. ఇక్కడే మోసం జరిగేది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ పైది ఉండాలని మైక్రోసాఫ్ట్ నిబంధన. అంతకు ముందువాటిని షాపుల వాళ్లు వదిలించుకోవాలి కదా. కాబట్టి ఆరో తరం, ఏడో తరం వాటిలో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి, "ఐ5, విండోస్ లెవెన్" అని అట్టమీద రాసి పెడుతున్నారు. ఐ5 అన్న మాటకు విలువ లేదు, దాని వెనక అంకె చూడాలి. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ఐ5-1135జీ7 అంటే పదకొండో తరం. ఐ5-7200యూ అంటే ఏడో తరం, పదమూడు వేలకే ఇస్తానన్నా వద్దు. సిస్టంలో "అబౌట్" అన్న చోట ఈ అంకె కనపడుతుంది. దుకాణదారు చెప్పనక్కర్లేదు, స్టిక్కర్ నమ్మనక్కర్లేదు. మీ జాబితాలో కూడా "కోర్ ఐ3" అని వేసి ఊరుకున్నారు. ఏ తరం ఐ3 అండీ?

థింక్‌ప్యాడ్ టీ480 నాకు బాగా తెలిసిన యంత్రం, 2018 నాటిది. దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. దానికి బ్యాటరీలు రెండు. బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత వాట్‌అవర్. లోపల 24 వాట్‌అవర్లది ఒకటి, వెనకవైపు చేత్తో ఊడదీసేది ఇంకొకటి. ఆ వెనకది 24, 48, 72 వాట్‌అవర్లలో దొరుకుతుంది. ఆపకుండానే వెనకది తీసి ఇంకొకటి తగిలించవచ్చు, ఆ కాసేపూ లోపలిది నడిపిస్తుంది. ర్యామ్‌కు రెండు గళ్లున్నాయి. మామూలు యూఎస్‌బీ రంధ్రాలూ ఉన్నాయి, టైప్-సీ చార్జింగూ ఉంది. బరువు మాత్రం తక్కువేం కాదు, చిన్న బ్యాటరీతోనే కిలోన్నర దాటుతుంది, పెద్దది తగిలిస్తే ఇంకా. లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 అదే తరంవి, అంతకంటే తేలిక, కానీ బ్యాటరీ ఒకటే, లోపలే ఉంటుంది.

బరువు సంగతి ఎందుకు పట్టించుకుంటున్నానంటే, 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. టికెట్‌కు డబ్బులు అక్కర్లేదు, సీటు మాత్రం దొరకదు. నిలబడి వెళ్లే రోజున భుజం మీద అరకిలో తేడా ఎంతో బాపట్ల చేరేలోపే తెలుస్తుంది. అయినా నేను బరువును కాస్త భరించి బ్యాటరీని ఎంచుకున్నాను. మీకు వేరుగా ఉండొచ్చు. కానీ రెండు అంకెలూ పేపర్లో ఉంటేనే కదా ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకునేది. కంపెనీలు చెప్పే బరువులో చార్జరు ఉండదు. పాత చార్జర్లు కొన్ని ఇటుక ముక్కంత ఉంటాయి.

బ్యాటరీ ఎలా చూడాలో మీ పేజీలో ఒక మూల పెట్టినా చాలామందికి మేలయ్యేది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది పుట్టినప్పటి బలం, రెండోది ఇప్పుడు మిగిలినది. మొదటిది 50 వాట్‌అవర్లు, రెండోది 30 అయితే నలభై శాతం పోయినట్టే. ట్యాలీ, బ్రౌజర్ పనికి గంటకు ఎనిమిది నుంచి పది వాట్‌అవర్లు లాగుతుందనుకుంటే 30కి మూడు నుంచి మూడుముప్పావు గంటలే వస్తుంది. ఆ అంకెలు చూపించి ధర తగ్గించమనండి, లేదా కొత్త బ్యాటరీ వేయించి ఇమ్మనండి. ఒక షాపులో ఈ రిపోర్టు తీయబోతే "అవన్నీ ఎందుకు మేడం, బ్యాటరీ బ్యాకప్ సూపర్" అన్నాడు. సూపర్ అంటే ఎన్ని వాట్‌అవర్లో చెప్పమన్నాను. ఆ కొట్టులో కొనలేదు.

పాతది కొనేటప్పుడు ఇంకో ప్రమాదం బయోస్ తాళం. బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచి యంత్రాన్ని సిద్ధం చేసేది. కొన్ని కంపెనీలు తమ యంత్రాలకు పాస్‌వర్డ్ పెట్టి, తీయకుండానే అమ్మేస్తాయి. పైకి విండోస్ చక్కగా నడుస్తుంది. ఎప్పుడో రిపేరు వచ్చి సెట్టింగ్స్ మార్చాల్సి వస్తే లోపలికి పోనివ్వదు. కాబట్టి కొనే చోటే ఆపి, మళ్లీ ఆన్ చేసేటప్పుడు థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1, డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కి బయోస్‌లోకి వెళ్లి చూడాలి. పాస్‌వర్డ్ అడిగిందా, లేచి వచ్చేయడమే. అలాగే విండోస్ ఆక్టివేషన్, అంటే అసలు లైసెన్సుతో నడుస్తోందా లేదా అన్నది, చూడాలి. ఆఫీసు యంత్రాలకు సాధారణంగా విండోస్ ప్రో లైసెన్సు బోర్డులోనే ఉంటుంది, ఇంటర్నెట్ తగిలించగానే తనే ఆక్టివేట్ అవుతుంది. ప్రోలో లోపలి ఫైళ్లన్నిటికీ తాళం వేసే బిట్‌లాకర్ ఉంటుంది. అది వేసి పెట్టుకుంటే, యంత్రం రైల్లో పోయినా మన ఖాతాదారుల లెక్కలు మాత్రం దొంగ చేతిలో పడవు. ఆ తాళంచెవి నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోవాలి, ల్యాప్‌టాప్ సంచిలో కాదు. ట్యాలీ బ్యాకప్ ఏ రోజుకారోజు తీసుకోవాలన్నది వేరే చెప్పాలా.

ఇంత చూసుకునే ఓపిక గానీ, పక్కన తెలిసినవాళ్లు గానీ లేనివాళ్లు కొత్తదే కొనాలి. అందులో చిన్నతనమేం లేదు. ఏడాది వారంటీ ఉంటుంది, బ్యాటరీ తాజాది. కాకపోతే ఇంటెల్ ఎన్100 లాంటి నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, స్టోరేజికి మార్చుకోగలిగే ఎస్‌ఎస్‌డీ ఉన్నది చూడండి. 2023లో వచ్చిన ఈ ఎన్100 పాత రెండు కోర్ల సెలరాన్ లాంటిది కాదు. కరెంటు తక్కువ తాగుతుంది, వేడెక్కదు, ట్యాలీకి చాలు. వీడియోలు ఎడిట్ చేస్తానంటే మాత్రం చాలదు. ర్యామ్ తర్వాత వేసుకుందాంలే అనుకోవడానికి కూడా ఇది సమయం కాదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా కొనేస్తుండటంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. కొనేటప్పుడే తగినంత ఉన్నది తీసుకోవడం మంచిది.

లెక్కల మనిషిని కాబట్టి బిల్లు సంగతి చెప్పకుండా ఉండలేను. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. 30 వేలకు కొత్తది కొంటే అందులో పన్ను 4,576 రూపాయలు. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, వ్యాపారానికే కొని, బిల్లులో మీ నంబరు వేయించుకుంటే ఆ 4,576 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు. అంటే మీకు నిజంగా పడిన ధర 25,424. పాతది అమ్మే డీలరుకు వేరే పద్ధతి ఉంది. జీఎస్టీ రూల్ 32(5) ప్రకారం కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కట్టుకోవచ్చు. అలా కట్టిన చోట బిల్లులో పన్ను విడిగా చూపరు, కొన్నవాళ్లకు క్రెడిట్ రాదు. రిజిస్ట్రేషన్ ఉన్న షావుకారుకైతే ఈ తేడాతో కొత్తదీ పాతదీ దగ్గరదగ్గరకు వచ్చేస్తాయి. మన గుమస్తాకు రిజిస్ట్రేషన్ లేదు, సర్వీసుల మీద ఏడాదికి 20 లక్షలు దాటితే కదా అవసరం. అతనికి పాతదే లాభం. ఇక ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ మీద ఏటా 40 శాతం తరుగుదల రాసుకోవచ్చు, దానికీ బిల్లే ఆధారం. "బిల్లు లేకుండా అయితే వెయ్యి తగ్గిస్తా" అనేవాడి దగ్గర కొంటే వెయ్యి కాదు పోయేది. వారంటీ పోతుంది, అది దొంగ సొత్తు కాదని చెప్పుకునే కాగితమూ ఉండదు.

ఇంకొన్ని చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను. 15.6 అంగుళాల వాటిలో చాలావాటికి కుడివైపు అంకెల మీటలు విడిగా ఉంటాయి, లెక్కల వాళ్లకు అవి లేకపోతే చెయ్యి విరిగినట్టుంటుంది. అందుకని పెద్దది మోయనక్కర్లేదు. 14 అంగుళాలది కొని, విడిగా యూఎస్‌బీ అంకెల కీప్యాడ్ తెచ్చుకుంటే కొన్ని వందలతో పోతుంది. తెర పక్క నుంచి చూస్తే రంగు మారిపోయే రకం అయితే, షావుకారుకు లెక్క చూపించేటప్పుడల్లా ల్యాప్‌టాప్ తిప్పుతూ ఉండాలి. ఐపీఎస్ తెర అడగండి. చార్జరు 65 వాట్ల టైప్-సీది ఒక్కటి ఉంటే ఫోనూ ల్యాప్‌టాప్ రెండింటికీ అదే. దాని మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి, ఫుట్‌పాత్ మీద రెండొందలకు వచ్చేది బోర్డును కాల్చేస్తుంది. తెనాలి-రేపల్లె ప్యాసింజర్లో ప్లగ్గు ఉంటుందని నమ్ముకోకండి. దూరప్రయాణం రైళ్లలో ప్లగ్గులున్నా, అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 దాకా వాటికి కరెంటు ఆపమన్న ఆదేశం ఉంది. రాత్రి రైలెక్కి పని చేసుకుందాం అనుకునేవాళ్లు ముందే చార్జ్ పెట్టుకోవాలి. విమానం ఎక్కేవాళ్లు పవర్ బ్యాంకును, విడి బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉంచాలి. 100 వాట్‌అవర్ల లోపువైతే ఇబ్బంది లేదు.

అమెరికా నుంచి తెప్పించుకుంటే సగానికి సగం చవకని ఒక నమ్మకం మన ఇళ్లలో ఉంది. మా తోడికోడలి కొడుకు డాలస్‌లో ఉంటాడు, పండక్కి వస్తున్నాడంటే చాలు అరడజను మంది ఫోన్లు. దూరపు కొండలు నునుపు. టెక్సాస్‌లో కూడా అమ్మకపు పన్ను ఉంది, 8.25 శాతం దాకా. 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అతను తనదే తెచ్చుకుంటాడు కదా, మీది రెండోది అవుతుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మోడల్‌ను బట్టి మారుతుంది. ప్లగ్గు పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి, చార్జరు మాత్రం 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేదే కాబట్టి కాలిపోదు. ఖరీదైనదాంట్లో ఏమైనా మిగులుతుందేమో గానీ 30 వేల లోపు దానికి ఇంత హైరానా దండగ.

ఆ కుర్రాడు మీ పేజీలోవి ఏవీ కొనలేదు. ఎనిమిదో తరం లాటిట్యూడ్ ఒకటి, బ్యాటరీ రిపోర్టు తీయించి, బిల్లుతో, మూడు నెలల వారంటీతో తెచ్చుకున్నాడు. టీ480 బరువని వద్దన్నాడు. కుర్రవాడు, వీపున వేసుకునే సంచి, అతని ఇష్టం.

మీకు నా మనవి ఇది. వచ్చేసారి ఇలాంటి పేజీ వేసేటప్పుడు "ఆకర్షణీయమైన డిజైన్" అన్న వరస తీసేసి, ఆ చోటులో చార్జరుతో కలిపి బరువు, బ్యాటరీ ఎన్ని వాట్‌అవర్లు, ర్యామ్ మార్చుకోవచ్చా లేదా, ప్రాసెసర్ ఏ తరం, మామూలు యూఎస్‌బీ రంధ్రాలు ఎన్ని అన్నవి వేయండి. కొట్టేసిన ఎంఆర్‌పీ పక్కన ఆఫర్ ధర వేయడం మానేయండి, అది ప్రకటనల వాళ్ల పని. అలాగే పాత ల్యాప్‌టాప్‌ల షాపుల మీద ఒక పేజీ వేయండి. మీ విలేకరి ఒకరు మామూలు కొనేవాడిలా వెళ్లి బిల్లు ఇస్తారా, వారంటీ కాగితం మీద రాసిస్తారా, బయోస్ తెరిచి చూపిస్తారా, బ్యాటరీ రిపోర్టు తీయనిస్తారా అని అడిగి, ఏ షాపులో ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయండి. సరిగా జవాబివ్వని చోట మోసపోయినవాళ్ల కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 కింద వేస్తే ఇంకా మంచిది.

నా ఖాతాదారుల ఊసు ఇందులో ఉంది కాబట్టి నా పేరు వేయవద్దు.

ఇట్లు,
ఒక అకౌంటెంట్,
తెనాలి